ఈ కోతి మాది కాదు!

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారా? అయితే పునాది, గోడలు, కప్పు లాంటి చిల్లర విషయాల గురించి బుర్ర పాడుచేసుకోకండి. అవి ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ముందు ఇన్సూరెన్స్ తీసుకోండి!

ఇల్లంటే ఏమిటి? ఎండకు కాగి, వానకు నాని, ఏదో ఒకనాడు పెచ్చులూడేది. మరి పాలసీ? ప్లాస్టిక్ ఫైల్లో, బీరువాలో, చీరల కింద చెక్కుచెదరకుండా ఉండేది. ఈ రెండింటిలో ఏది గట్టిదో మీరే చెప్పండి!

నమ్మకం కుదరకపోతే మిర్యాలగూడ కృపాకర్ సారుకు జరిగింది వినండి. విన్నాక కూడా పాలసీ లేని ఇంట్లో మీకు నిద్ర పట్టిందంటే మీ గుండెకు దండం పెట్టాలి. గుండెకు వేరే పాలసీ ఉంటుంది, అది వేరే సంగతి.

కృపాకర్ నేరేడుచర్ల దగ్గర సర్కారు బడిలో లెక్కల సారు. భార్య గ్రేస్ మిర్యాలగూడలో ఒక దవాఖానలో నర్సు. తల్లి సువార్తమ్మ దామరచర్ల పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి కొడుకును చదివించిన మనిషి. కిరాయి ఇళ్లు మారీ మారీ విసిగిపోయిన ఈ ముగ్గురూ చివరికి హుజూర్‌నగర్ రోడ్డు వైపు ఒక వెంచర్లో డాబా కట్టుకున్నారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. చుట్టాలు బగారన్నం తిని, బాత్రూం టైల్స్ మెచ్చుకుని వెళ్లారు. ఆ రోజు నుంచే కృపాకర్‌కు నిద్ర కరువైంది.

బడిలో ఆయన చెప్పే పాఠాల్లో పిల్లలకు నచ్చేది సంభావ్యత. నాణెం ఎగరేస్తే బొమ్మ పడుతుందా, బొరుసు పడుతుందా అని హుషారుగా అడుగుతాడు. తన దాకా వస్తే మాత్రం ఆ నాణెం తిన్నగా వచ్చి తన కంట్లోనే పడుతుందని ఆయన గట్టి నమ్మకం. అది ఊరికే వచ్చిన నమ్మకం కాదు. చిన్నప్పుడు ఒక గాలివానకు వాళ్ల గుడిసె కప్పు లేచి చెరువు కట్ట అవతల పడింది. ఆ రోజు బడి వరండాలో, తల్లి కొంగు కింద తల పెట్టుకుని వణికిన పిల్లవాడు ఆయన లోపల ఇప్పటికీ అట్లాగే కూర్చుని ఉన్నాడు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, లేచి నిలబడతాడు.

ఇలాంటి మనిషి ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు కంట పడితే ఎట్లా ఉంటుంది? ఏజెంటు ఇంట్లో పండగలా ఉంటుంది!

అయితే కృపాకర్ తొందరపడలేదు. బాధ్యత గల గృహస్థు కదా, మూడు ఊళ్లు తిరిగి విచారించాడు. సూర్యాపేటలో ఒకాయన, "హైవే మీద లారీ అదుపు తప్పి సీదా మీ హాల్లకొస్తే ఎట్ల సారు?" అన్నాడు. కృపాకర్ ఇంటికీ ఆ హైవేకీ మధ్య ఎన్నో ఊళ్లున్నాయి. అయినా ఇంటికి రాగానే సోఫాను గోడ పక్కకు జరిపాడు. కోదాడలో ఇంకొకాయన వరద వీడియోలు చూపించాడు. మిర్యాలగూడలో మూడో ఆయన, రైస్‌మిల్లు బాయిలర్ పేలి దాని మూత ఎగురుకుంటూ వచ్చి డాబా మీద పడితే ఏం చేస్తారని నిలదీశాడు. ఆ సాయంత్రం కృపాకర్ దారి పొడవునా మిల్లుల పొగగొట్టాలను దొంగచూపులు చూస్తూ ఇల్లు చేరాడు.

"లారీ, వరద, బాయిలరు మూడు ఒక్కసారే వస్తయా ఏందండీ?" అన్నది గ్రేస్.

"రావని రాసిస్తవా?" అన్నాడు కృపాకర్.

మొగుణ్ణి రోగిలా చూసుకోవడం ఎట్లాగో నర్సుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నాడి చూసినట్టు చేయి పట్టుకుని ఆయన్ను భోజనానికి తీసుకెళ్లింది.

చివరికి కృపాకర్ మనసు గెలిచినవాడు కోదాడలోనే ఇంకో ఏజెంటు, యుగంధర్. తక్కిన వాళ్లంతా ఒక్కో భయాన్ని విడిగా అమ్ముతుంటే యుగంధర్ హోల్‌సేల్‌గా అమ్మాడు. కొత్త సోఫాలో కూర్చుని, టీ తాగుతూ, ట్యాబ్ తెరిచి చదవడం మొదలుపెట్టాడు.

"అగ్ని, పిడుగు, భూకంపం, వరద, తుఫాను, అల్లర్లు, కొండచరియలు, విమానం కూలడం, క్షిపణి పరీక్షలు... అన్నీ కవర్ అవుతాయండి సార్."

"మిర్యాలగూడల కొండలేడున్నయి?" అన్నది గ్రేస్.

"లేవు కాబట్టేనండి మేడం, కంపెనీ ఇంత ధైర్యంగా ఇస్తంది!"

సువార్తమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. "క్షిపణి అంటే ఏంది బిడ్డా?"

"పైనుంచి వచ్చి పడే బాంబు లాంటిదమ్మా."

"మన ఇంటి మీద బాంబు ఎవడేస్తడు? మనకెవలతోని పంచాయితి ఉన్నదని?"

"మన మీద ఎయ్యడమ్మా," అన్నాడు కృపాకర్ ఓపిగ్గా. "ఎవని మీదనో ఏస్తే గురి తప్పి గీడ పడొచ్చు గదా!"

గ్రేస్ మాత్రం ఒక పిచ్చి ప్రశ్న అడిగింది. కొత్త ఇంటి ఆడవాళ్లకు ఇట్లాంటి పిచ్చి ప్రశ్నలే వస్తాయి. "వానకు స్లాబు కురిస్తే?"

యుగంధర్ కప్పు కింద పెట్టాడు. "కురవడంలో రకాలుంటాయండి మేడం. నిదానంగా కారిందనుకోండి, అది మీ తప్పు. హఠాత్తుగా, ప్రమాదవశాత్తూ, ఒక్కసారిగా కురిసిందనుకోండి, అది మా బాధ్యత."

ఎంత స్పష్టత! నీళ్లకు కూడా ఇంత క్రమశిక్షణ నేర్పిన వ్యాపారం ఇంకోటి ఉందా? కృపాకర్ కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మ నిదానంగా వచ్చింది కాబట్టి కవర్ కాదు. సంతకం పెట్టేశాడు.

ఇంటికి ఇన్సూరెన్స్ కుదిరింది. ఇంట్లో ఉన్నవాటి సంగతేమిటి? వాటికి వారంటీలు ఉన్నాయి. వారంటీ అంటే మామూలు వరం కాదు. శాపాలన్నీ వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే వరం. కృపాకర్ భూతద్దం కొని ఆ వెనక పేజీలన్నీ చదివాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో క్రమశిక్షణ మొదలైంది.

మెయిన్ డోర్‌కు ఎండ, వాన, తేమ తగలరాదు, గట్టిగా కొట్టరాదు. కృపాకర్ తలుపుకు బొంత చుట్టి తాళ్లతో కట్టాడు. వచ్చిన వాళ్లు ఇంటి చుట్టూ తిరిగి వెనక గుమ్మం నుంచి రావాలి. మాడ్యులర్ కిచెన్‌కు ఆవిరి, నూనె, వేడి తగలరాదు. గ్రేస్ పెరట్లో మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టింది. గీజర్‌లో ఉప్పునీళ్లు పోయరాదు. మిర్యాలగూడ బోర్లో ఉప్పునీళ్లు తప్ప వేరే నీళ్లు దొరకవు కాబట్టి గీజర్ గోడ మీద దేవుడి పటంలా ఉండిపోయింది. స్నానాలకు నీళ్లు ఆ మూడు రాళ్ల మీదే కాగేవి. ఇన్వర్టర్‌ది మరీ సున్నితమైన మనసు. కరెంటు తరచూ పోయే చోట దాన్ని వాడకూడదట!

వీటన్నిటికీ తలమానికం స్లాబు మీది వాటర్‌ప్రూఫింగ్ వారంటీ. డాబా మీద నడవరాదు, బట్టలు ఆరేయరాదు, నీళ్లు నిలవరాదు.

"మరి వాన పడితే?" అని కృపాకర్ ఆ కంపెనీకి ఫోన్ చేసి అడిగాడు.

"వాన పడినా ఏం కాదు సార్," అన్నది ఆ అమ్మాయి తియ్యగా. "తడవకుండా చూసుకోండి."

అందుకని కృపాకర్ డాబా మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. మిరపకాయలు ఎండబెట్టుకుందామని ఎంతో ఆశపడ్డ సువార్తమ్మ పెరట్లో సంచి పరుచుకుంది. "సొంతిల్లు అంటే గిట్లనే ఉంటదేమో," అనుకుంది పాపం. ఆమెకు అంతకు ముందు సొంతిల్లు లేదు కదా!

చూశారా, ఇల్లు ఎంత భద్రంగా ఉందో? అందులో ఎవరూ ఉండకపోతే ఇంకా భద్రంగా ఉండేది. ఆ ఒక్క లోపాన్ని కృపాకర్ ఎట్లా సరిదిద్దుతాడోనని ఇరుగుపొరుగు ఎదురుచూస్తున్న రోజుల్లో రంగి వచ్చింది.

రంగి కోతి. ఒక చెవి తెగి ఉంటుంది, తోక కొస వంకర. పెరట్లో వంట చేస్తుంటే కోతులు రావా? తక్కిన కోతులు దోచుకుని పోయేవి. రంగి మాత్రం వచ్చి సువార్తమ్మ ఎదురుగా పెద్దమనిషిలా కూర్చునేది. ఆమె మొదట కర్ర చూపించింది. తర్వాత జామకాయ చూపించింది. పొద్దంతా కొడుకు బడిలో, కోడలు డ్యూటీలో ఉంటే ఆ కొత్త కాలనీలో ఆమెతో మాట్లాడే దిక్కెవరు? రంగి పేరు కూడా ఆమె పెట్టిందే. ఆమె మాట్లాడితే రంగి వినేది. మధ్యలో ఫోన్ చూసుకునేది కాదు.

ఒక మధ్యాహ్నం మోటారు ఆన్‌లో ఉండగా రంగి డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు మూత పీకి, తన బలగంతో సహా జలకాలాడింది. పోతూ పోతూ లోపలి గొట్టం ఊడబెరికింది. నీళ్లు డాబా మీద పారాయి. డాబా మీద నీళ్లు పోవడానికి ఒక గొట్టం ఉంటుంది కదా? ఉంది. నిండా ఎండుటాకులు పేరుకుని ఉంది. ఆ ఆకులు తీయాలంటే డాబా ఎక్కాలి. డాబా ఎక్కితే వారంటీ పోతుంది. అందుకని ఎవరూ ఎక్కలేదు. నీళ్లు ఎటూ పోలేక చెరువులా నిలిచి, సువార్తమ్మ గది కప్పులోంచి ధారగా దిగాయి.

బడి నుంచి వచ్చిన కృపాకర్ ఆ గదిలో నిలబడి తల పైకెత్తాడు. నీళ్లు ముఖాన పడుతున్నాయి. నెమ్మదిగా ఆయన ముఖం వెలిగిపోయింది.

"గ్రేస్! హఠాత్తుగా!" అని అరిచాడు. "ప్రమాదవశాత్తు! ఒక్కసారిగా! అన్నీ ఉన్నయి! మనకు వర్తిస్తది!"

ఇల్లు కురుస్తుంటే గంతులేసిన మొదటి గృహస్థు మా ఎరుకలో ఆయనే. పాలసీ లేనివాడికి ఈ ఆనందం ఎక్కడిది?

ముందు వాటర్‌ప్రూఫింగ్ కంపెనీకి ఫోన్ చేశాడు. డాబా మీద ఎవరైనా నడిచారా అని అడిగారు. మనుషులెవరూ నడవలేదు, కోతి నడిచిందన్నాడు. "వారంటీలో మనిషి అనే మాట లేదు సార్, పాదాలు అనే ఉంది. పైగా కోతికి నాలుగు," అని ఫోన్ పెట్టేశారు. తర్వాత ట్యాంకు కంపెనీ. మూత ఎవరు తీశారన్నారు. కోతి తీసిందన్నాడు. "మా ఆథరైజ్డ్ టెక్నీషియన్ కాకుండా బయటివాళ్లు మూత తీస్తే వారంటీ వర్తించదండీ," అన్నారు. ఎంత న్యాయం! రంగి ఎంత చేతివాటం గలదైనా, దాని దగ్గర ఐడీ కార్డు లేదన్న మాట నిజమే కదా!

మిగిలింది ఇన్సూరెన్స్. నష్టం లెక్కగట్టడానికి సూర్యాపేట నుంచి సర్వేయర్ వచ్చాడు. కోతుల భయానికి హెల్మెట్ తీయకుండానే ఇంట్లోకి వచ్చి, బొంత చుట్టిన తలుపును, కప్పును, గోడలను ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని గంభీరంగా చెప్పాడు.

"ట్యాంకు పొంగడం కవర్ అయితది. జంతువు వల్ల నష్టం జరిగినా కవర్ అయితది. కాకపోతే ఒక్కటే షరతు. ఆ జంతువు పాలసీదారుది అయి ఉండొద్దు."

"కోతి మాదెందుకైతది సార్!" అని నవ్వాడు కృపాకర్.

"అట్లనా? మరి ఏ కోతి తీసిందో మీకెట్ల తెలిసింది?"

కృపాకర్ నోరు తెరిచేలోపే సువార్తమ్మ ముందుకొచ్చింది. అబద్ధమాడితే నాలుక పట్టుకుపోతుందని నమ్మే మనిషి. "ఎందుకు తెల్వదు సారు? మా రంగే."

కృపాకర్ దగ్గాడు. గ్రేస్ కళ్లతో సైగ చేసింది. సర్వేయర్ పెన్ను తీశాడు.

"రంగి అని పేరు ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన."

"అన్నం గిట్ల పెడతరా?"

"అన్నం తినది సారు. అరటిపండు, జామకాయ పెడ్త. పొద్దుగాల పల్లీలు."

"రోజూ వస్తదా?"

"నాకు పానం బాగలేనప్పుడు రెండు పూటలు వస్తది!"

సర్వేయర్ హెల్మెట్ అద్దం పైకెత్తి ఆ కుటుంబాన్ని జాలిగా చూశాడు. "పేరు పెట్టిన్రు, తిండి పెడుతున్నరు, రోగమొస్తే పలకరింపులు గూడ ఉన్నయి. ఇది పెంపుడు జంతువు కాదని మీరు ఆధారం తేవాలె. అప్పటిదాక ఘటనా స్థలాన్ని ముట్టుకోవద్దు. ఉన్నది ఉన్నట్టే ఉండాలె. రిపేరు చేస్తే క్లెయిమ్ పోతది."

అక్కడి నుంచి కృపాకర్ జీవితానికి ఒక లక్ష్యం ఏర్పడింది. ఈ కోతి మాది కాదు అని ఎవరో ఒకరి చేత రాయించుకోవాలి. సెలవు పెట్టి ఒక ఆఫీసుకు వెళ్లాడు. "మీది కాదని రాస్తే మాది అని ఒప్పుకున్నట్టయితది. మేం రాయం," అన్నారు. ఇంకో ఆఫీసుకు వెళ్లాడు. "అడవిల ఉంటే మాది, ఊర్ల ఉంటే మాది కాదు," అన్నారు. మరి ఊరికీ అడవికీ నడుమ గోడ మీద కూర్చుంటే? "తోక ఎటు దిక్కు ఉన్నదో సూడాలె," అన్నాడు అక్కడి గుమాస్తా. చివరికి కృపాకర్‌కు అర్థమైంది ఏమిటంటే, ఇంత పెద్ద ప్రపంచంలో రంగిని తమదనే వాళ్లు తన తల్లి తప్ప ఎవరూ లేరు.

ఈ లోపల ఇంకో ప్రమాదం వచ్చిపడింది. ఆ తడిని ఆరనివ్వకుండా పడుతున్న వానలు ఆగాయి. కప్పు ఆరిపోవడం మొదలైంది! సాక్ష్యం కళ్లముందే మాయమైపోతుంటే లెక్కల సారు ఊరుకుంటాడా? ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నారు కదా! పొద్దున్నే డాబా ఎక్కి, ఆ పగులు దగ్గర జాగ్రత్తగా చెంబుతో నీళ్లు పోసి, కింద మళ్లీ కారుతున్నదని చూసుకుని అప్పుడు బడికి వెళ్లేవాడు. సొంత ఇంటిని సొంత చేతులతో, అంత శ్రద్ధగా కురిపించిన మనిషిని ఏ ఊళ్లో చూస్తారు?

సువార్తమ్మ మంచాన్ని గదిలోనే ఒక మూలకు, అక్కణ్ణుంచి ఇంకో మూలకు జరుపుకుంటూ వచ్చింది. మోకాళ్లు పట్టేశాయి, దగ్గు పట్టుకుంది. ఒకరోజు గ్రేస్ మొగుడితో మెల్లగా చెప్పి చూసింది. "అత్తమ్మకు నెమ్ము చేరేటట్టున్నది. స్లాబు బాగుచేపిద్దామండీ."

"ఇంకొన్ని రోజులే," అన్నాడు కృపాకర్. "క్లెయిమ్ అయిపోని."

సువార్తమ్మ కొడుకు పక్షానే మాట్లాడింది. "పోనియ్ బిడ్డా. వాడు మన మంచికే పరేషాన్ అవుతున్నడు."

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి సువార్తమ్మ మంచం మీద నడుం వాల్చింది. కాసేపటికి కిటికీ ఊచలు గడగడలాడాయి. రంగి జామకాయ కోసం వచ్చింది. "వస్తున్న ఆగవే, నీ తొందర పాడుగాను," అంటూ ఆమె లేచి పెరట్లోకి నడిచింది. జామకాయ ఇంకా చేతిలోనే ఉంది. లోపల ఢామ్మని చప్పుడైంది.

ముగ్గురూ పరుగున వెళ్లి చూశారు. నానిన పెచ్చు, కంచం కంటే పెద్దది, మంచం మీద దిండు ఉన్న చోట పడి ఉంది. దిండులో సగం కనబడటం లేదు.

కృపాకర్ గోడకు ఆనుకున్నాడు. ఎప్పుడూ "మీరు" అనే గ్రేస్ ఆ రోజు "నువ్వు" అన్నది.

"నువ్వు రోజు నీళ్లు పోసింది పగులు మీద కాదు, మీ అమ్మ నెత్తి మీద! ఇంటికి పాలసీ తెచ్చినవా, పాలసీకి ఇల్లు తెచ్చినవా? మూడు రాళ్ల మీద వండిన, వెనక గుమ్మం నుంచి నడిచిన, ఏమన్న అన్ననా? ఇగ చాలు!"

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి తెంపుకుని ఆమే డాబా ఎక్కింది. చేతులతో ఆ గొట్టంలోని ఆకులన్నీ లాగి అవతల పారేసింది. ఇల్లు కట్టిన మేస్త్రి దుర్గయ్యకు ఫోన్ చేస్తే ఆయన మర్నాడు పొద్దున్నే ఇద్దరు కూలీలతో దిగాడు. పగులు తొలిచి, నింపి, పైన మళ్లీ పూత వేసి, సాయంత్రానికి చేతులు కడుక్కున్నాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ కృపాకర్ మెట్ల మీద కూర్చుని ఒక్కో సుత్తి దెబ్బకు ఒక్కో వారంటీ ప్రాణం పోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

చీకటి పడక ముందు సువార్తమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి కొడుకు పక్కన కూర్చుంది.

"గుడిసె లేచిపోయిన నాడు మస్తు వణికినవ్ బిడ్డా. యాదికున్నదా?"

"ఎట్ల మరుస్తనమ్మా."

"తెల్లారి ఏమయిందో అది యాదికి లేనట్టున్నది. ఊరోళ్లల్ల ఒకడు వాసం తెచ్చిండు, ఇంకొకామె గడ్డిమోపు తెచ్చింది. పొద్దుగూకేవరకు కప్పు పడ్డది. నువ్వు దాని కిందనే పండుకున్నవ్, బువ్వ తినకుంటనే."

కృపాకర్ ఆలోచించాడు. నిజమే. గాలివాన గుర్తుంది, వరండా గుర్తుంది. ఆ తర్వాతి రోజు మాత్రం గుర్తులేదు. భయానికి జ్ఞాపకశక్తి ఎక్కువ, పాపం! ఆయన తల్లి చేయి పట్టుకున్నాడు. "తప్పయిందమ్మా" అని నోటిదాకా వచ్చింది గానీ, ఆమె అప్పటికే, "లే, గ్రేస్ పొద్దటిసంది చాయ తాగలే," అంటూ లేచింది.

ఆ రాత్రి కిచెన్‌లో పొయ్యి వెలిగింది. గోడలకు ఆవిరి తగిలింది, నూనె చిట్లింది, పోపు వాసన హాల్లోకి వచ్చింది. ఎవరూ చావలేదు. మర్నాడు సువార్తమ్మ డాబా నిండా మిరపకాయలు పోసింది. మెయిన్ డోర్ బొంత విప్పితే లోపల తలుపు ఎంత అందంగా ఉందో అప్పుడే అందరూ చూశారు. గీజర్‌ను కూడా ధైర్యం చేసి ఆన్ చేశారు. అది పనిచేయలేదు. మొదటి నుంచీ పనిచేయదట! వాడితే కదా తెలిసేది!

కొన్నాళ్లకు కంపెనీ నిర్ణయం రాసిన కాగితం పట్టుకుని యుగంధర్ స్వయంగా కోదాడ నుంచి వచ్చాడు. ముఖం దిగాలుగా పెట్టుకుని, సంచిలోంచి రెన్యువల్ కాగితాలు కూడా తీసి పక్కన పెట్టుకున్నాడు. చావు కబురూ పెళ్లి పత్రికా ఒకే చేత్తో పంచగల నేర్పు ఆ వృత్తికి దేవుడిచ్చింది.

"సదరు వానరం పాలసీదారు కుటుంబ పోషణలో ఉన్నట్టు విచారణలో తేలినందున క్లెయిమ్ తిరస్కరించడమైనది అని రాశారండి. నాకూ చాలా బాధేసింది సార్."

గ్రేస్ మొగుడి వైపు భయంగా చూసింది. కానీ కృపాకర్ కుదురుగా కూర్చుని ఉన్నాడు.

"అంటే రంగి మాదే అని కంపెనీ తేల్చినట్టే గదా?"

"తేల్చేసిందండి. రాతపూర్వకంగా."

"మా కుటుంబమే అన్నట్టు?"

"ఆ కాగితం ప్రకారం అంతేనండి."

"నేను మొదటిసంది అదే చెప్తున్న," అన్నది సువార్తమ్మ.

కృపాకర్ జీవితంలో జోకు వేసి ఎరగడు. ఆ రోజు వేశాడు. "అయితే దాని పేరు మీద గూడ ఒక జీవిత బీమా రాయరాదు, యుగంధర్?"

గ్రేస్ పకపకా నవ్వింది. సువార్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కృపాకర్ తన జోకుకు తానే ఆశ్చర్యపోయి నవ్వాడు. యుగంధర్ మాత్రం నవ్వలేదు. ట్యాబ్ తెరిచాడు.

"వయసెంత ఉంటదండీ?"



గమనించారా? ఆ కోతి ఎవరిదని అడగలేదు. పేరెవరు పెట్టారు, పల్లీలెవరు వేశారని అడగలేదు. ఏ ఆఫీసు సర్టిఫికెట్టూ కోరలేదు. తోక ఎటువైపు ఉందో చూడలేదు. రంగి ఎట్లా ఉంటుందో కూడా అతను చూడలేదు! "ఆధార్ లేకపోయినా పర్లేదండి, మొదటి ప్రీమియం కట్టేస్తే తర్వాత చూసుకుందాం," అని భరోసా ఇచ్చాడు.

ఇంతటి సమదృష్టి ఏ మునికైనా ఉందా? అందుకే చెబుతున్నాం, ఇన్సూరెన్స్‌ను మించిన ధర్మం లేదు. పుచ్చుకునే రోజు కోతి కూడా మనిషే. ఇచ్చే రోజు మాత్రం మనిషి కూడా కోతే!

యుగంధర్ ఇంకా ఆ సోఫాలోనే ఉన్నాడు. "నామినీ కాలమ్ ఖాళీగా ఉందండి, ఎవరి పేరు రాయమంటారు?" అని మర్యాదగా అడుగుతున్నాడు.